మీరు చేతికింద మనిషి, వాడు మేస్త్రి: కట్టే ఆటలతో పిల్లల మనసు తేలికపరచడం ఎలా?

బడి నుంచి మొహం వేలాడేసుకుని వచ్చిన పిల్లాణ్ని ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది నాన్నా, అలా ఉన్నావేం?" అని అడిగి చూడండి. "ఏం లేదు" అంటాడు. మళ్లీ అడిగితే "ఏం లేదన్నాగా!" అని విసుక్కుంటాడు. మూడోసారికి లేచి వెళ్లిపోతాడు. అదే పిల్లాడి పక్కన నేలమీద చతికిలబడి, ఏమీ అడక్కుండా, ఓ ఖాళీ అట్టపెట్టె వాడివైపు జరిపి చూడండి. పావుగంట పోయాక, పెట్టెకి టేపు అంటిస్తూ, మీ మొహం చూడకుండానే, "అమ్మా, రేపట్నుంచి బస్సులో వెనక సీట్లో కూర్చోను నేను" అంటాడు. అసలు సంగతి అక్కడుంటుంది.

మేం విజయవాడలోనే ఒక పేట నుంచి ఇంకో పేటకి ఇల్లు మారి, పిల్లలిద్దరికీ బడి మార్పించిన ఏడాది నాకిది తెలిసొచ్చింది. ఎవరో చెప్పి కాదు. సామాను సర్దుకోగా మిగిలిన అట్టపెట్టెలు బాల్కనీలో పడుంటే, మా వాడు వాటిల్లో దూరి కూర్చునేవాడు. నేనూ పక్కన కూర్చున్నాను. అలా మొదలైంది. ఆ తర్వాత చదివాను, తెలిసినవాళ్లని అడిగాను, తప్పులు చేశాను. వాటన్నిటిలోంచి ఇప్పుడు మా ఇంట్లో నిలబడిన పద్ధతి ఇది. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లలున్న ఏ ఇంట్లోనైనా పనికొస్తుంది.

ఇందులో కొత్తేముంది?

ఏమీ లేదు. గోదావరి లంకల్లో పెరిగినదాన్ని, పిచ్చుక గూళ్లు కట్టకుండా నా చిన్నతనం గడవలేదు. జొన్న బెండుతో ఎడ్లబండి చేసి, కంపముళ్లు గుచ్చి ఇరుసు బిగించిన చేతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. ఆ ఆటకి మనసుతో పనుందని గమనించి, పద్ధతిగా వాడినవాళ్లు మాత్రం వేరే దేశాల్లో ఉన్నారు. జర్మనీలో 1837లో చిన్నపిల్లల కోసం బడి పెట్టిన ఫ్రోబెల్, పుస్తకం కంటే ముందు చెక్క దిమ్మలు చేతికిచ్చాడు. ఆ బడికే తర్వాత కిండర్‌గార్టెన్ అని పేరొచ్చింది. 1920ల చివర్లో లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరమ్మ తన దగ్గరికి తీసుకొచ్చిన పిల్లల ముందు ఇసుక పళ్లెం, చిన్న చిన్న బొమ్మలు పెట్టి ఊరుకుంది. పిల్లలు వాటితో కట్టినదాన్ని వాళ్లే 'నా ప్రపంచం' అన్నారు. ఆ మాటే ఆ పద్ధతికి పేరైంది. అమెరికాలో డేనియల్ లెగాఫ్ అనే మనస్తత్వవేత్త, తన వెయిటింగ్ రూములో ఎవరితోనూ కలవని ఇద్దరు పిల్లలు లెగో ముక్కల (ఒకదానికొకటి బిగించి కట్టే ప్లాస్టిక్ ముక్కలు) మీద మాట కలపడం చూశాడు. ఆటిజం ఉన్న పిల్లలకి అదే ఒక చికిత్సా పద్ధతిగా మలిచి 2004లో దాని గురించి రాశాడు.

మనం ఇంట్లో చేసేది చికిత్స కాదు. ఆ మాట ముందే అనేసుకుందాం. పిల్లలకి కాస్త తెరిపి దొరుకుతుంది, అంతే. చేతులకి పని ఉంటుంది, చూపు కిందికి ఉంటుంది. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుంటారు. పొద్దున్నుంచి రాత్రిదాకా అందరూ తన కంటే పెద్దవాళ్లయిన పిల్లకి, ఆ గంటసేపు ఊరంతా తన మోకాలెత్తు ఉంటుంది.

మొదటి పని: సరుకు పోగేయడం

ఖరీదైన పెట్టె కొనకండి. కొన్నా మంచిదే గానీ, అందులో బొమ్మ చూసి అచ్చం అలాగే కట్టాలన్న తంటా ఒకటి వచ్చిపడుతుంది. బొడిపెలు ఎనిమిదేసి ఉన్న ఒకే రంగు లెగో ముక్కలు ఆరుంటే, వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని లెక్కగట్టారు. కాబట్టి ముక్కలు తక్కువయ్యాయన్న బాధ అక్కర్లేదు.

సరుకుని బట్టి మనసు తీరు మారుతుంది. అందుకే రెండు మూడు రకాలు ఉంచుకోవడం మేలు.

తడి ఇసుక అన్నిటికంటే మెత్తనిది. వేడిగా, చిరాగ్గా ఉన్న పిల్లలకి ముందు ఇదే ఇస్తాను. పాత ప్లాస్టిక్ టబ్బులో నాలుగు వేళ్ల లోతున ఇసుక పోసి, పిడికిట పడితే ముద్ద కట్టేంత నీళ్లు చిలకరిస్తే చాలు. ఇల్లు కడుతున్న చోట అడిగితే బొచ్చెడు ఇసుక ఎవరూ కాదనరు. జల్లించి, ఓసారి కడిగి ఎండబెట్టండి. పిల్లులు తిరిగే చోటైతే టబ్బు మీద మూత తప్పనిసరి.

మట్టికి పుట్టమన్ను శ్రేష్ఠం. పిసికినకొద్దీ సాగుతుంది, ఆరితే పెద్దగా పగలదు. నల్లరేగడి బీటలిస్తుంది. వినాయక చవితి ముందు బజార్లో మట్టి ముద్దలు అమ్ముతారు కదా, రెండు ఎక్కువ కొని తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టుకుంటే నెలల తరబడి వస్తుంది. మట్టి దొరకని ఫ్లాట్ల వాళ్లకి: రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, సుమారు గ్లాసు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండికన్నా కొంచెం గట్టిగా కలపండి. చెంచాడు నూనె రాస్తే చేతికి అంటదు. ఉప్పు ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకునే పిల్లలకి ఇవ్వద్దు.

ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకి నా ఓటు మాత్రం అగ్గిపుల్లలకీ, సైకిల్ వాల్వు ట్యూబుకీ. ఇది అరవింద్ గుప్తా ఊరూరా పిల్లలకి నేర్పిన విద్య. చెత్తతో సైన్సు బొమ్మలు చేసి చూపించే ఆయనకి 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది. సైకిల్ షాపులో సన్నటి నల్ల వాల్వు ట్యూబు అడగండి. రెండు సెంటీమీటర్ల ముక్కలు కోయండి. పుల్లల మందు ముందే మీరు గీకి పారేయండి. ట్యూబు ముక్కకి ఇటొక పుల్ల, అటొక పుల్ల దూరిస్తే మోకాలు కీలులా వంగే అతుకు తయారు. దాని నడుమ తుమ్మముల్లుతో గుచ్చి మూడో పుల్ల దూరిస్తే మూడు దిక్కుల అతుకు. నాలుగు పుల్లలతో చదరం చేసి నొక్కమనండి, పక్కకి ఒరిగిపోతుంది. మూడు పుల్లల ముక్కోణం ఎటు నొక్కినా కదలదు. చదరానికి అడ్డంగా ఇంకో పుల్ల వేస్తే అది నలిగి రెండు ముక్కోణాలుగా మారుతుంది, కానీ నిలబడుతుంది. ఈసారి రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన మీద వెళ్లేటప్పుడు రైలు కిటికీలోంచి చూపించండి, ఎటు చూసినా ఇవే ముక్కోణాలు. పరీక్షల భయంతో కడుపునొప్పి అంటూ పడుకున్న మా పెద్దవాడు ఈ పుల్లలతో గంటన్నర కూర్చున్నాడు. నొప్పి ఎటు పోయిందో వాడూ అడగలేదు, నేనూ అడగలేదు.

మిగతాదంతా ఇంట్లోదే. అట్టపెట్టెలు, కొబ్బరి చిప్పలు, చీపురు పుల్లలు, బట్టల క్లిప్పులు, పాత దుప్పటి. ఇళ్లలో ఉండటానికి మనుషులు కావాలి కాబట్టి కొన్ని బొమ్మలు. కొండపల్లి బొమ్మల్లో తాడిచెట్టు ఎక్కేవాడు, బండి తోలేవాడు ఉంటారు, అవి బాగా నప్పుతాయి. కానీ రంగు నోట్లో పెట్టుకునే వయసు దాటాకే.

జాగ్రత్త గురించి ఒక్క మాట. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో, టిష్యూ చుట్ట లోపలి అట్ట గొట్టంలోంచి జారిపడే వస్తువేదైనా గొంతులో ఇరుక్కునేదే. దాన్ని పక్కన పెట్టండి. చిన్న అయస్కాంతాలు, గుండీ బ్యాటరీలు ఉన్న బొమ్మలు అసలొద్దు. కొనే బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి మన దేశంలో అది తప్పనిసరి.

రెండో పని: చోటు, వేళ

కట్టింది మర్నాటికీ ఉండగలిగే మూల కావాలి. హాలు మధ్యలో అయితే అన్నం వేళకి తీసేయాల్సి వస్తుంది, ఆ తీసేయడంతో మళ్లీ ఏడుపు. మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన మూడడుగుల జాగా ఇచ్చాం. ఇల్లు తుడిచే అమ్మాయికి ముందే చెప్పి ఉంచాం. ఫ్యాను గాలి తగలని మూలైతే ఇంకా మంచిది. అగ్గిపుల్లల గోపురాలు పడిపోవడానికి సగం కారణం మన సీలింగ్ ఫ్యాన్లే.

వారానికి రెండు రోజులు, అరగంట నుంచి ముప్పావుగంట. రోజూ చేయాలని పూనుకుంటే పదో రోజుకి మీకే విసుగొస్తుంది, ఆ విసుగు పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. ఫోను పక్క గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెట్టి ఒళ్లో ఉంచుకోవడం కాదు, పక్క గదిలో.

వెక్కి వెక్కి ఏడుస్తున్నప్పుడు సరుకు తీయకండి. అప్పుడు కావాల్సింది ఒడి. గుక్క తగ్గి, మంచినీళ్లు తాగాక ఆట.

మూడో పని: మేస్త్రి ఎవరో తేల్చుకోవడం

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఇల్లు కట్టే చోట చేతికింద మనిషి ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకోండి. ఇటుక అడిగితే ఇటుక అందిస్తాడు, మాలు అడిగితే మాలు. ఈ గోడ ఇక్కడెందుకని అడగడు. ఆ పని మీది. మేస్త్రి మీ పిల్ల.

వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, పెద్దవాళ్లకి ఇంత కష్టమైన పని లేదు. మా ఆయనకి కట్టుబడి పనులతోనే జీవితం. పిల్ల కట్టిన గోడ ఒక పక్కకి ఒరిగితే ఆయన చేతులు ఊరుకోవు. "ఒక్క ముక్క ఇటు జరిపితే నిలబడుతుందమ్మా" అంటూ వేలు పెట్టేవారు. మొదటి వారం మా అమ్మాయి రెండుసార్లు ఆట మధ్యలో లేచిపోయింది. మూడోసారి, "నాన్నా, నీ రసమట్టం ఆఫీసులో పెట్టుకో" అంది. అప్పట్నుంచి ఆయన చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు, పాపం.

మాట ఎలా ఉండాలో కొన్ని నమూనాలు చెప్తాను.

"ఏం కడుతున్నావు?" అని అడక్కండి. చాలాసార్లు వాళ్లకే తెలీదు. అడిగినందుకు ఏదో ఒకటి చెప్పి, ఇక దానికి కట్టుబడిపోతారు. కనిపించింది కనిపించినట్టు అనండి: "ఎర్రదాని మీద నీలం పెట్టావు." "ఇక్కడ సందు వదిలావు." అంతే. మీరు చూస్తున్నారని తెలిస్తే చాలు వాళ్లకి.

"అబ్బ, ఎంత బాగుందో!" అన్నా చిక్కే. తర్వాత కట్టేది మీ మెప్పు కోసం కడతారు, బాగా రాకపోతే దాచేస్తారు. మెచ్చుకోవాలనిపిస్తే వాళ్ల ఓపికని పట్టుకోండి: "నాలుగుసార్లు పడినా మళ్లీ పెట్టావే!"

ఊరుకోవడం మీదే ఎక్కువ భారం వేయండి. ఒక నిమిషం మౌనం మనకి గంటలా ఉంటుంది, వాళ్లకి అలా ఉండదు.

మాట దానంతటదే బయటికొచ్చినప్పుడు దాని మీద దూకకండి. "వెనక సీట్లో కూర్చోను" అనగానే "ఎవరు? ఎవరేమన్నారు? పేరు చెప్పు!" అని నేను తొందరపడ్డ రోజు ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది, మళ్లీ బయటికి రావడానికి పది రోజులు పట్టింది. "ఊఁ. వెనక సీటు వద్దు" అని వాడి మాటే వాడికి తిరిగిచ్చి, టేపు ముక్క చింపి అందిస్తే సరిపోయేది.

నాలుగో పని: మనసు తీరుని బట్టి పని ఇవ్వడం

మామూలు రోజుల్లో ఏం కట్టాలో చెప్పక్కర్లేదు. ఏదైనా బరువు మోస్తున్నట్టు కనిపించినప్పుడు మాత్రం చిన్న దారి చూపించొచ్చు.

కోపం. దిండ్లని బాదితే, గట్టిగా అరిస్తే కోపం దిగిపోతుందని మనవాళ్లు అంటారు. పరిశోధనల్లో తేలింది అందుకు తలకిందులు, బాదినకొద్దీ కోపం రాజుకుంటుంది. అందుకే నేను కూల్చడాన్ని కట్టడం చివర పెడతాను. "నీ అంత ఎత్తు గోడ కట్టు, తర్వాత గుడ్డబంతితో కూల్చేద్దువుగాని" అంటాను. అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. సగం కోపం ఆ పేర్చడంలోనే కరిగిపోతుంది. తీరా కట్టాక కూల్చనన్న రోజులూ ఉన్నాయి. నియమం ఒక్కటే: ఎవరు కట్టింది వాళ్లే కూల్చుకోవాలి, పక్కవాళ్లది ముట్టుకోకూడదు.

భయం. కొత్త బడి, ఇంజెక్షను, హాస్టలు, ఏదైనా సరే, ఆ చోటుని ముందే ఇంట్లో కట్టేయండి. కొత్త బడికి వెళ్లేముందు మేం అట్టపెట్టెలతో గేటు, మెట్లు, క్లాసుగది, బాత్రూము కట్టాం. మా అమ్మాయి క్లిప్పు బొమ్మని గేటు నుంచి క్లాసుకీ, క్లాసు నుంచి బాత్రూముకీ నడిపించింది, ఒకటి కాదు, ఇరవైసార్లు. దాని భయమంతా పాఠాల గురించి అనుకుంటూ వచ్చాను నేను. కాదు. బాత్రూముకి వెళ్లాలంటే ఎవర్ని అడగాలో తెలీదు దానికి. అక్కడ ఒక టీచర్ బొమ్మని నిలబెట్టి, "టీచర్, వెళ్లనా?" అని అడిగించి, గొంతు సవరించుకుని మళ్లీ అడిగించింది. మొదటి రోజు ఏడవకుండా వెళ్లింది.

బెంగ. ఇది వేరు. భయపడే పిల్ల కదులుతుంది, బెంగపెట్టుకున్న పిల్ల కదలదు. దూరమైనవాళ్ల ఇల్లు కట్టమనండి. దుబాయ్‌లో ఉన్న నాన్న గది కావచ్చు, పోయిన తాతయ్య అరుగు కావచ్చు. కొలతలు, వస్తువులు మీకు గుర్తున్నవి అందించండి: "అమ్మమ్మ మంచం ఏ పక్కన ఉండేది?" మా అమ్మ పోయిన రెండో నెలలో మా అమ్మాయి మట్టితో ఆవిడ ఇల్లు కట్టింది. మంచానికి అగ్గిపెట్టె, నూతికి కొబ్బరి చిప్ప. అంతా ఉంది గానీ ఇంటికి తలుపు లేదు. నాలుగు గోడలూ మూసేసింది. నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను. పిల్ల మనసు మూసుకుపోయింది, ఎవర్నీ లోపలికి రానివ్వడం లేదు అని రాత్రంతా మథనపడ్డాను. మూడు రోజులు ఆగి, ఆపుకోలేక అడిగాను.

"మట్టి అయిపోయిందమ్మా" అంది. "రేపు తెస్తావా? తలుపు పెట్టాలి."

అంచేత, పిల్లలు కట్టినదానికి అర్థాలు చెప్పకండి. నల్లరంగు వాడితే బాధ, మనుషుల్లేకపోతే ఒంటరితనం అనే సోదె మనకొద్దు. నలుపు ఒక్కటే మిగిలి ఉండొచ్చు.

అన్నాచెల్లెళ్ల కొట్లాట. దీనికి లెగాఫ్ పద్ధతిని మన ఇంటికి దింపుకోవచ్చు. ముగ్గురికి మూడు పనులు. ఒకరు ఇంజనీరు: ఏ ముక్క ఎక్కడ పెట్టాలో నోటితోనే చెప్పాలి, ముట్టుకోకూడదు. ఇంకొకరు సరుకు అందించాలి. మూడోవాళ్లు కట్టాలి. పదేసి నిమిషాలకి పనులు మారాలి. ఇద్దరే ఉంటే సరుకు మనిషి మీరే. నోటితో సరిగ్గా చెప్పకపోతే అవతలివాళ్లు తప్పు పెడతారు, వినకపోతే తప్పు కడతారు. అందుకే చచ్చినట్టు వినడం నేర్చుకుంటారు. మొదటి రెండుసార్లు గొడవ ఇంకా పెరుగుతుంది, భరించండి.

ఐదో పని: పడిపోయినప్పుడు

పడిపోతుంది. తప్పకుండా పడిపోతుంది. ఈ ఆటలో నాకు అన్నిటికంటే విలువైన ఘడియ అదే అనిపిస్తుంది.

పడగానే మన నోటికి వచ్చేది "పర్లేదు, పర్లేదు, మళ్లీ కడదాం". అరగంట కష్టం నేలకూలితే పర్లేదెలా అవుతుంది? "అయ్యో. మొత్తం పడిపోయింది" అనండి, ఉన్నమాట అది. తర్వాత ఆగండి. చేత్తో ముక్కలు ఏరకండి. పిల్ల ఏడిస్తే ఏడవనివ్వండి, ముక్క విసిరితే "విసరడం వద్దు, కింద కొట్టు" అని నేల చూపించండి. వాళ్లు మళ్లీ ముక్కల వైపు చూసేదాకా మీరు చూడకండి. ఒక్కోసారి రెండు నిమిషాలు, ఒక్కోసారి ఆ రోజుకి అంతే. ఆగిపోయినా ఏం ఓడిపోలేదు.

దీనికి సాధన కావాలంటే పిచ్చుక గూడుని మించింది లేదు. కృష్ణ ఒడ్డుకో, బీచికో వెళ్లినప్పుడు, లేదా మీ టబ్బులోనే ఓ చెయ్యి పెట్టించి చేయించొచ్చు. కుడికాలు మడమ దాకా తడి ఇసుకలో పెట్టాలి. రెండు చేతులతో ఇసుక ఎగదోసి, పాదం మీద కుప్పపోసి, అరచేత్తో తట్టాలి. గట్టిగా తడితే పగులుతుంది, మెల్లిగా తడితే అతుక్కోదు. తడుతూ తడుతూ చేతికే తెలుస్తుంది. ఇప్పుడు కాలు తీయాలి. లాగితే కూలుతుంది. ముందు వేళ్లు లోపలే కొంచెం ముడవాలి, మడమ వెనక్కి గోరంత జరపాలి, ఊపిరి బిగబట్టకుండా. చుట్టూ ఉన్న పిల్లలంతా ఆ క్షణం నోళ్లు మూసుకుంటారు. సగం గూళ్లు కాలు బయటికి రాకముందే కూలిపోతాయి, నవ్వుకుని మళ్లీ కాలు పెడతాం. నిలిచినవాటిని సాయంత్రానికి నీళ్లు తీసుకుపోతాయి. చిన్నప్పుడు మేం ఎవరం దానికి ఏడవలేదు. పోతుందని తెలిసే కట్టేవాళ్లం.

ఆరో పని: ఆపడం

ఐదు నిమిషాల ముందే చెప్పండి. కట్టినదాన్ని ఉంచాలా, కూల్చాలా అన్నది మేస్త్రి ఇష్టం. ఫొటో తీయాలంటే అడిగి తీయండి, వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం వద్దు. మామయ్యలు, పిన్నులు బొటనవేళ్లు చూపించడం మొదలెట్టాక ఆట కాస్తా ప్రదర్శన అయిపోతుంది.

అడగాలనిపిస్తే ఒక్క ప్రశ్న: "ఈ ఇంట్లో ఎవరెవరుంటారు?" జవాబు చెప్తే వినండి. "తెలీదు" అంటే సరే అనండి.

పెద్దవాళ్ల మాటేమిటి?

పెద్దవాళ్లకీ పనికొస్తుంది. ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో చిరచిరలాడుతున్న మా మామగారికి అట్టకోట ఒకటి అప్పగించాం, మనవడి చేతికింద మనిషిగా. ఆయన జీవితంలో ఒకరి చేతికింద పని చేయడం అదే మొదలట. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టేవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. మూడో, ఐదో, ఏడో మెట్లు పేర్చి, అంచున ఆవాలు మొలకెత్తించి పొలం, పక్కన అద్దంతో చెరువు చేస్తూ కూర్చుంటే ఆ పూట ఏ దిగులూ గుర్తురాదు. ఈసారి కొలువులో ఒక మెట్టు పిల్లలకి వదిలేయండి. రాముడి పక్కన డైనోసారు పెట్టినా సరే.

ఎప్పుడు ఆటతో ఆగకూడదు?

నిద్ర, తిండి రెండు వారాలకి మించి దెబ్బతిన్నా, ఇష్టమైన స్నేహితుల్ని కూడా వద్దన్నా, బడికి వెళ్లనని రోజూ మొరాయించినా పిల్లల డాక్టర్నో, మనస్తత్వ నిపుణుల్నో కలవండి. చచ్చిపోవాలని ఉందన్న మాట నోట వస్తే అది ఏ వయసులోనైనా తేలిగ్గా తీసుకోవద్దు, ఆ రోజే మాట్లాడండి. మనసు బాగోలేనివాళ్లకి ఫోన్లో సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416. ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎవరో కొట్టారని, ఒంటి మీద చెయ్యి వేశారని పిల్లలు ఆట మధ్యలో చెప్తే గుచ్చి గుచ్చి అడక్కండి. "నాకు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు" అని, వెంటనే పిల్లల సాయానికున్న చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇక మొదలుపెట్టడమే. మొదటి రోజు మీ పిల్లాడు ఐదు నిమిషాల్లో "బోర్" అని లేచిపోవచ్చు. పిలవకండి. సరుకు అక్కడే ఉంచి, మీరు ఇంకో పది నిమిషాలు ఏదో ఒకటి కడుతూ కూర్చోండి. కొంచెం వంకరగానే కట్టండి. వాడు గుమ్మం దగ్గర్నుంచి చూస్తూ ఉంటాడు. కాసేపటికి వచ్చి, "అలా కాదమ్మా, ఇటివ్వు" అంటాడు.

ఇచ్చేయండి.